రెండు స్ట్రోకుల యంత్రము - ప్లగ్గు వేడిమి చరిత్ర

పులివెందుల, సింహాద్రిపురము ప్రాంతములలో చీనీ తోటలును అరటి తోటలును పెరిగిన కొలది, వానితో పాటు ఒక చిన్న యంత్రము కూడ ఆ పల్లెలలో పాతుకొన్నది. తోటలో మందు కొట్టుటకు వీపున తగిలించుకొను స్ప్రేయరులో నున్నది అదియే. తెల్లవారకముందే పాల క్యాన్లు కట్టుకొని ఊరూర తిరిగిన మోపెడ్‌లో నున్నదియు అదియే. దానికి వాల్వులు లేవు. నూనెకు వేరుగ తొట్టి లేదు. పెట్రోలులోనే నూనె కలిపి పోసిన చాలును. దానినే రెండు స్ట్రోకుల యంత్రమందురు. ఇంత సులువైన యంత్రమునకు ఒక మొండితనము మాత్రము కలదు. తలపై బిగించు స్పార్క్ ప్లగ్గు తనకు తగినది కాకున్న అది నడవదు. నడచినను చాలకాలము బ్రతుకదు.

“అన్నా, ఏ నంబరు ప్లగ్గు ఎయ్యల్ల?” అను ప్రశ్న మెకానిక్కు అంగళ్ళలో కొన్ని తరములుగ వినబడుచున్నది. యంత్రమును ఉన్నదున్నట్లు వాడువానికి దీని జవాబు కంపెనీవారి పుస్తకములో దొరకును. కాని హెడ్డు గీయించి, పోర్టులు వెడల్పు చేయించి, సైలెన్సరు మార్చినవానికి ఆ పుస్తకము సగము జవాబు మాత్రమే చెప్పును. మిగిలిన సగము కొరకు ఆ నంబరు ఏల పుట్టినదో తెలిసికొనవలెను. ప్లగ్గు వెల కొద్దిపాటిది. అది తప్పిన పోవునది పిస్టనును, బోరును, ఒక్కొక్కప్పుడు పంట అదనును. కనుక దీని చరిత్ర వినోదమునకు మాత్రమే చెప్పుకొనదగినది కాదు.

సిలిండరు లోపల విద్యుత్తుతో రవ్వ పుట్టించుట 1860 నాటి విద్య. ఆ సంవత్సరమున పారిసులో ఎతియెన్ లెన్వార్ అను బెల్జియము దేశీయుడు గ్యాసు యంత్రమునకు పేటెంటు పొంది, పింగాణీ తొడిగిన తీగ ద్వారా రవ్వను లోపలికి పంపెను. విద్య మంచిదే కాని, దానికి కావలసిన బ్యాటరీయు తీగచుట్టయు నమ్మదగినవి కాకుండెను. అందుచేత 1880లలో గాట్లీబ్ డైమ్లరు రవ్వను విడిచి, బయటనుండి మంటతో ఎఱ్ఱగ కాల్చిన ఒక గొట్టమును సిలిండరునకు తగిలించెను. ఆ కాలిన గొట్టమే లోపలి మిశ్రమమును వెలిగించెడిది. ఎప్పుడు వెలుగవలెనను నియమము దానికి సరిగా లేదు. ఈ కాలిన గొట్టమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. తప్పు ప్లగ్గు బిగించినప్పుడు మన యంత్రములలో మరల ప్రవేశించునది ఇదియే.

1902లో స్టట్‌గార్టు నగరమున రాబర్టు బాష్ కార్ఖానాలో పనిచేయుచుండిన గాట్లోబ్ హోనోల్డు అను ఇంజనీరు, హెచ్చు వోల్టేజీ మాగ్నెటోను దానికి జతగా స్పార్క్ ప్లగ్గును సిద్ధపరచెను. బ్యాటరీ అక్కరలేదు, చక్రము తిరిగిన చాలును, రవ్వ తప్పక పడును. మోటారు వాహనములు లోకమంతట వ్యాపించుటకు ఈ జంట చేసిన ఉపకారము సామాన్యమైనది కాదు.

రెండు స్ట్రోకుల యంత్రము కథయు దాదాపు ఆ కాలమునకు చెందినదే. స్కాట్లండు దేశీయుడగు డుగాల్డ్ క్లార్కు 1881లో తన యంత్రమునకు ఇంగ్లండులో పేటెంటు పొందెను. మిశ్రమమును లోపలికి నెట్టుటకు ఆయన వేరుగ ఒక పంపు సిలిండరును వాడెను. పిదప బాత్ పట్టణమునకు చెందిన జోసెఫ్ డే ఆ పంపును తీసివేసి, పిస్టను క్రింది గదినే పంపుగా పనిచేయించెను. రెండు స్ట్రోకుల మోపెడ్‌లకును స్ప్రేయర్లకును మూలపురుషుడు ఆ యంత్రమే.

ఇందులో ప్లగ్గునకు వచ్చిన చిక్కు ఏమి? నాలుగు స్ట్రోకుల యంత్రము రెండు చుట్లకు ఒకసారి మండును. రెండు స్ట్రోకులది ప్రతి చుట్టునకును మండును. నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునప్పుడు మొదటిదానిలో ప్లగ్గు 3,000 మంటలను ఎదుర్కొన్న, రెండవదానిలో 6,000 మంటలను ఎదుర్కొనవలెను. నడుమ ఊపిరి తీసికొని చల్లబడుటకు దానికొక వట్టి చుట్టు లేదు. పైగా పెట్రోలుతో కలసి వచ్చిన నూనె కొంత దాని కొనమీద పేరుకొనుచుండును. ఒకవైపు కాల్చు వేడి, మరొకవైపు పూడ్చు మసి. ఈ రెంటి నడుమ రెండు స్ట్రోకుల ప్లగ్గు బ్రతుకవలెను.

తొలినాటి ప్లగ్గుల పింగాణీ ఈ బాధకు ఓర్వలేక పగిలిపోయెడిది. దానికి బదులుగ దొరికిన ఖనిజము తెలుగువారికి బాగుగ తెలిసినది, అభ్రకము. వేడికి చెదరక, విద్యుత్తును పోనీయక, పొరలు పొరలుగ విడివడు ఈ రాయి ప్లగ్గునకు చేసిపెట్టినట్లుండెను. 1912లో కెనెల్మ్ లీ గిన్నెస్ అను పందెముల డ్రైవరు ఇంగ్లండులో కె.ఎల్.జి. అను పేర అభ్రకపు ప్లగ్గులు చేయ మొదలిడెను. తరువాత వచ్చిన మొదటి ప్రపంచయుద్ధమున విమానములకు ఇట్టివి విరివిగ కావలసివచ్చెను. ఆనాడు లోకమునకు పలక అభ్రకమును అధికముగ పంపినది భారతదేశము. అందు బీహారు గనుల తరువాత పేరెన్నికగన్నవి మన నెల్లూరు సీమలోని గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతముల గనులు. పొరలు విడదీసి, అంచులు కోసి, పరిమాణము చొప్పున ఏరిన కూలీల చేతిపని ఆ పరిశ్రమకు ప్రాణము.

పెట్రోలులో సీసము కలుపు పద్ధతి 1923లో అమెరికాలో మొదలైన పిమ్మట అభ్రకమునకు గడ్డుకాలము వచ్చెను. సీసపు సమ్మేళనములు దానిని తినివేయ సాగెను. 1930లలో అల్యూమినియము ఆక్సైడును మిక్కిలి హెచ్చు వేడిలో కాల్చి గట్టిపరచిన తెల్లని పింగాణీ వచ్చినది. నేటి ప్లగ్గులో మనకు కనబడు తెల్లని మెడ అదియే.

పింగాణీ కుదిరిన తరువాతను ఒక ప్రశ్న మిగిలిపోయెను. ఒకే ప్లగ్గు ఒక బండిలో మసిపట్టి చచ్చుటయు, మరొక బండిలో నిప్పుకణమై పిస్టను కాల్చుటయు ఏల? దీనికి జవాబుగ 1920ల చివర బాష్ కంపెనీవారు వేడిమి అంకె అను కొలతను ప్రవేశపెట్టిరి. ఈ మాటనే సామాన్యముగ “హాటు ప్లగ్గు, కోల్డు ప్లగ్గు” అందురు. పేరు వలన పుట్టిన భ్రమను ఇచ్చట తొలగించుకొనవలెను. హాటు ప్లగ్గు హెచ్చు వేడిగల రవ్వను ఇచ్చునది కాదు. కోల్డు ప్లగ్గు యంత్రమును చల్లబరచునదియు కాదు. రవ్వ రెంటియందును ఒకటే. భేదమంతయు ప్లగ్గు తన కొనకు తగిలిన వేడిని ఎంత వేగముగ బయటికి పంపగలదను దానిలో నున్నది.

ప్లగ్గును త్రిప్పి కొనవైపు నుండి చూచిన ఈ సంగతి తెలియును. నడిమి పింగాణీ ముక్కు పొడవుగ నుండి లోతు వరకు ఇనుపగోడను తాకకున్న, వేడి చాల దూరము ప్రయాణము చేయవలెను. కొన కాలుచునే యుండును. అది హాటు ప్లగ్గు. ముక్కు పొట్టిగ నుండి వెంటనే గోడను తాకిన, వేడి మరల గుండ హెడ్డులోనికి త్వరగ దిగిపోవును. అది కోల్డు ప్లగ్గు. కొన వేడిమి సుమారు 450 సెంటిగ్రేడు డిగ్రీలకు పైన నుండవలెను. అప్పుడే దానిపై పడిన మసి తానే కాలిపోవును. సుమారు 850 డిగ్రీలు దాటరాదు. దాటిన యెడల కొన ఎఱ్ఱబడి, రవ్వ పడకముందే మిశ్రమమును వెలిగించును. డైమ్లరు కాలిన గొట్టము మరల వచ్చినదనగా ఇదియే. పైకి వచ్చుచున్న పిస్టనును ఆ ముందరి మంట ఎదురు త్రోయును. అల్యూమినియము మెత్తబడి పిస్టను నడినెత్తిన రంధ్రము పడును.

వేడిమికి అంకెలు ఏర్పడినవి గాని, లోకమంతట ఒకే పద్ధతి ఏర్పడలేదు. బాష్ వారి పాత లెక్కలో అంకె పెరిగిన కొలది ప్లగ్గు కోల్డు. అనగా 175 కంటె 225 కోల్డు. వారి క్రొత్త లెక్కలో ఇది తలక్రిందైనది. 7 కంటె 5 కోల్డు. 1936లో జపానులోని నగోయా నగరమున స్థాపింపబడిన ఎన్.జి.కె. వారి లెక్కలో 7 కంటె 8 కోల్డు. అమెరికా చాంపియన్ వారి లెక్కలో అంకె పెరిగిన ప్లగ్గు హాటు; ఎల్ 78 కంటె ఎల్ 82 హాటు. ఒక కంపెనీ ప్లగ్గు దొరకక మరొక కంపెనీది కొనునప్పుడు “ఒక నంబరు ఎక్కువది ఇమ్ము” అని అడుగుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియును. సమానపట్టికను చూచి కొనుటయే క్షేమము.

మన దేశమునకు ఈ విద్య దిగుమతిగ వచ్చి, స్వాతంత్ర్యానంతరము స్వదేశీయమైనది. 1951లో బెంగుళూరున మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ స్థాపింపబడెను. దాని పొట్టి పేరు మైకో. ప్లగ్గునకు మారుపేరుగ ఆ మాట మన పల్లెలలో స్థిరపడినది. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గ మారినను, “మైకో ప్లగ్గు” అనువారు నేటికిని కలరు. 1950లలో బొంబాయి లాంబ్రెట్టా, 1961లో మైసూరు జావా, అటుపిమ్మట రాజ్‌దూత్, హైదరాబాదు నుండి ఆల్విన్ పుష్పక్, 1972లో లూనా, 1980లో హోసూరు టి.వి.యస్. 50, 1985లో యమహా ఆర్.ఎక్స్. 100, ఇట్లు రెండు స్ట్రోకుల బండ్లు ఒక దాని వెంట ఒకటి వచ్చి తెలుగు పల్లెల నడకను మార్చివేసినవి.

ఇట్లు బండ్లు చేతికి వచ్చిన తరువాత వానిని మార్చు కోరికయు వచ్చును. ఈ విద్యకు గురువు తూర్పు జర్మనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. చోపావ్ పట్టణపు ఎం.జెడ్. కార్ఖానాలో ఆయన 1950లలో సైలెన్సరు గొట్టమును ఒక లెక్క ప్రకారము లావుచేసి, మరల సన్నగించెను. బయటికి పోయిన పొగతరంగము తిరిగి వెనుకకు కొట్టి, తప్పించుకొనబోవు తాజా మిశ్రమమును సిలిండరులోనికే నెట్టును. 1961 నాటికి ఆయన 125 సి.సి. యంత్రము సుమారు 25 గుఱ్ఱపు శక్తినిచ్చెను. ఆ సంవత్సరముననే ఆయన పందెపు రౌతు ఎర్నెస్టు డెగ్నరు స్వీడనులో పోటీకి పోయి, తిరిగి తూర్పు జర్మనీకి రాక, ఆ రహస్యములతో జపాను సుజుకీ కంపెనీని చేరెను. మరుసటి సంవత్సరమున 50 సి.సి. ప్రపంచ చాంపియను పదవి సుజుకీకి దక్కినది. అంత చిన్న గదిలో అంత శక్తి పుట్టినప్పుడు అంత వేడియు పుట్టక తప్పదు. పందెపు యంత్రములకు మిక్కిలి కోల్డు ప్లగ్గులు వాడుకలోనికి వచ్చుటకు కారణమిది. ఆ ప్లగ్గులు నెమ్మదిగ నడుపునప్పుడు మసిపట్టును గనుక, యంత్రము వేడెక్కువరకు హాటు ప్లగ్గుతో నడిపి, పందెమునకు ముందు కోల్డు ప్లగ్గు మార్చుట ఆనాటి ఆచారము.

ఈ చరిత్రలో మన దేశపు బండి యొకటి విదేశపు బండికి చుట్టమగుట విశేషము. 1983లో ఎస్కార్ట్స్ వారు విడుదల చేసిన రాజ్‌దూత్ 350, యమహా ఆర్.డి. 350 వంశమునకు చెందినది. దాని రెండు సిలిండర్ల బోరు 64 మిల్లీమీటర్లు, స్ట్రోకు 54 మిల్లీమీటర్లు, మొత్తము 347 సి.సి. ఇవే కొలతలు గల నీటిచల్లదనపు యంత్రమును యమహా వారు అమెరికాలో 1987 నుండి బాన్షీ అను నాలుగు చక్రముల బండిలో అమర్చిరి. ఇసుకతిన్నెలపైనను గుట్టలపైనను నడచు ఇట్టి బండ్లను ఏ.టి.వి.లందురు. 2006 వరకు అక్కడ అమ్మబడిన ఆ బండి యంత్రమును ఉన్నదున్నట్లు ఉంచినవారికంటె మార్చినవారే మెకానిక్కుల మాటలలో ఎక్కువగ వినబడుదురు. కంపెనీవారు దానికి నిర్ణయించినది ఎన్.జి.కె. 8వ అంకె ప్లగ్గు. మార్చిన యంత్రమునకు ఎంత కోల్డు ప్లగ్గు కావలెనను ప్రశ్నకు ఆ 8 మొదటి మెట్టు. అక్కడినుండియే లెక్క మొదలుపెట్టవలెను.

బాన్షీ అయినను, మన ఊరి ఆర్.ఎక్స్. 100 అయినను లెక్క ఒకటే. మొదట కంపెనీవారి అంకెను తెలిసికొనుడు. పిమ్మట మార్పు ఎట్టిదో ఆలోచింపుడు. గాలి వడబోతను మాత్రమే మార్చినవానికి ప్లగ్గు మార్పు సామాన్యముగ అక్కరలేదు. కార్బురేటరు జెట్టు సరిచూచుకొనవలెను. హెడ్డు గీయించి ఒత్తిడి పెంచినను, పోర్టులు పెంచి కాడెన్ పద్ధతి గొట్టము తగిలించినను, పూర్తి బలముతో చాలసేపు నడిపినను ఒక మెట్టు కోల్డు ప్లగ్గుతో పరీక్షింపవలెను. ఎన్.జి.కె. వారి లెక్కలో ఒక్కొక్క మెట్టునకు కొన వేడిమి సుమారు 70 నుండి 100 డిగ్రీల వరకు మారును గనుక, ఒకేసారి రెండు మూడు మెట్లు దాటరాదు.

పరీక్షకును ఒక పద్ధతి కలదు. క్రొత్త ప్లగ్గు బిగించి, ఎక్కుడు దారిలో బరువుతో పూర్తిగ యాక్సిలరేటరు త్రిప్పి కొంతదూరము నడిపి, అదే వేగములో ఇంజను ఆపి క్లచ్చు పట్టుకొని నిలుపవలెను. మెల్లగ ఇంటికి నడిపి వచ్చి చూచిన ప్లగ్గు మెల్లని నడక కథనే చెప్పును. పింగాణీ ముక్కు కాఫీపొడి రంగుననో, లేత ఇటుక రంగుననో ఉన్న మంచిది. సీసములేని నేటి పెట్రోలుతో ఈ రంగు పూర్వమంత గాఢముగ పట్టదు. తడినూనెతో నల్లగ నున్న, నూనె పాలు హెచ్చినదో, ప్లగ్గు మిక్కిలి కోల్డుదో. పొడిమసితో నల్లగ నున్న, పెట్రోలు హెచ్చుగ పడుచున్నదేమో చూడవలెను. సున్నము కొట్టినట్లు తెల్లబడి, చిన్న చిన్న పొక్కులో లోహపు గింజలో కనబడిన, అది అపాయమునకు హెచ్చరిక. బండిని మరల పరుగెత్తింపరాదు.

ఇక్కడ పెక్కురు తొట్రుపడుదురు. తెల్లబడిన ప్లగ్గును చూచి వెంటనే కోల్డు ప్లగ్గు వేసిన రంగు సర్దుకొనవచ్చును గాని రోగము పోదు. పెట్రోలు తక్కువై గాలి హెచ్చుట, కార్బురేటరు దగ్గర గాలి జొరబడుట, రవ్వ ముందుగ పడుట అనునవి వేడికి అసలు కారణములు కావచ్చును. రెండు స్ట్రోకుల యంత్రమున పెట్రోలు తగ్గిన దానితో వచ్చు నూనెయు తగ్గును. పిస్టను బోరును పట్టుకొనును. కనుక జెట్టును, రవ్వ సమయమును సరిచేసిన తరువాతనే ప్లగ్గు అంకెను నిర్ణయింపవలెను. ప్లగ్గు చెప్పునది సాక్ష్యము. సాక్షిని మార్చిన నేరము మాసిపోదు.

కిరసనాయిలు కలిపిన పెట్రోలు ఈ తిప్పలను ఇనుమడింపజేయును. దానివలన మిశ్రమము రవ్వ పడిన తరువాత మూలల యందు ఒక్కుమ్మడిగ ప్రేలి, హెడ్డులో ఇనుపగోలీలు కదలిన చప్పుడు చేయును. దీనిని కోల్డు ప్లగ్గు మాన్పలేదు. మంచి పెట్రోలే మాన్పవలెను. ఎండాకాలమున నలువది డిగ్రీలు దాటు కడప గాలిలో, గాలివలననే చల్లబడు యంత్రమునకు ఈ కల్తీ మరింత కీడు.

మరి రెండు కొలతలను మరువరాదు. వేడిమి అంకె సరియైనను మర పొడవు తప్పినచో నష్టమే. ఎన్.జి.కె. గుర్తులలో హెచ్. అన్న 12.7 మిల్లీమీటర్లు, ఈ. అన్న 19 మిల్లీమీటర్లు. పొట్టి హెడ్డులో పొడవు ప్లగ్గు బిగించిన పిస్టను దానిని కొట్టును. పొడవు హెడ్డులో పొట్టి ప్లగ్గు బిగించిన ఖాళీ మరలో మసి గట్టిపడును. వాషరు వదులుగ నున్నచో వేడి హెడ్డులోనికి దిగక, సరియైన ప్లగ్గు కూడ హాటు ప్లగ్గువలె కాలును.

రేడియో గల ఇండ్లకు ప్లగ్గుతో మరియొక సంబంధము కలదు. 1887లో హెర్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు రేడియో తరంగములను పుట్టించి చూపినది విద్యుత్ రవ్వతోనే. వీధిలో పోవు ప్రతి మోపెడ్ తెలియకయే ఒక చిన్న ప్రసార కేంద్రమగుచున్నది. పాట నడుమ రేడియోలో టపటపలాడిన చప్పుడునకు కారణమదియే. ప్లగ్గు గుర్తులలో ఆర్. అను అక్షరము లోపల ఒక నిరోధకము కలదని తెలుపును. అది ఆ చప్పుడును అణచును. దానివలన శక్తి తగ్గునను భయము మామూలు వాడుకలో నిరాధారము. సాధ్యమైన చోట ఆర్. గల ప్లగ్గునే కొనుడని రేడియోవారమగు మేము అడుగుటలో మా స్వార్థమును కొంత కలదు.

1996, 2000 సంవత్సరముల పొగ నిబంధనల తరువాత రెండు స్ట్రోకుల బండ్లు క్రమముగ తగ్గినవి. 2015లో టి.వి.యస్. ఎక్స్.ఎల్. 100 కూడ నాలుగు స్ట్రోకులతో వచ్చినది. అయినను తోట స్ప్రేయర్లలోను, చెట్లు కోయు రంపములలోను, ప్రేమతో దాచుకొన్న పాత బండ్లలోను ఆ యంత్రము ఇంకను కొట్టుకొనుచున్నది. అట్టిది మీ ఇంట నున్నచో పుస్తకములోని ప్లగ్గు అంకెను గోడమీదనో, పెట్టె మూతమీదనో వ్రాసి ఉంచుడు. ప్లగ్గు మార్చినప్పుడెల్ల పాతదానిని పారవేయక, తేదీతో కాగితమున చుట్టి దాచుడు. నాలుగు ప్లగ్గులను వరుసగ పెట్టి చూచిన మెకానిక్కునకు మీ యంత్రము ఏండ్ల తరబడి ఎట్లు నడచినదో తెలియును. మందు కొట్టవలసిన రోజున స్ప్రేయరు మొరాయింపకుండుటకు ఆ కొద్దిపాటి జాగ్రత్త చాలును.